కనిపించీ కనిపించని గెలాక్సీలు

సింధనూరు తాలూకాలోని మా కాంపుకు తుంగభద్ర ఎడమ కాలువే ఆధారం. రాత్రి నీటి వంతు వచ్చినప్పుడు మా నాన్నగారికి ఆకాశమే గడియారం. పిల్లలకోడి ఎక్కడికి వచ్చిందో చూసి మడవ మార్చేవారు. చుక్కల మీద ఇష్టం మా ఇంట్లో అలా మొదలైంది. ఇప్పుడది మనుమరాలి దాకా వచ్చింది. రాయచూరులో బి.యస్సీ. ముగించిన మా అమ్మాయి ఖగోళశాస్త్రం చదువుతానంటోంది. "కంటికి కనపడని వాటిని వెతికితే కూడు పెడతాయా?" అని చుట్టాల ప్రశ్న.

ఆ కనపడనివేమిటో దాన్నే అడిగాను. గెలాక్సీలు మనుషుల్లాగే గుంపులుగా ఉంటాయట. మన పాలపుంత, ఆండ్రోమెడా, మరికొన్ని చిన్నవి కలిసి ఒక గుంపు. ఇలాంటి గుంపుల్లో కొన్ని గెలాక్సీలు ఎంత పలచగా ఉంటాయంటే, వాటి వెలుగు రాత్రి ఆకాశపు సహజమైన మెరుపుకంటే తక్కువ. పెద్ద దూరదర్శినులు కూడా వాటిని దాటిపోయాయి. చివరికి అమెరికాలోని న్యూమెక్సికోలో, పక్షులనూ ఆటలనూ ఫొటో తీసే కెమెరా లెన్సులను కొన్నిటిని ఒకచోట పేర్చి, ఒకే చోటును గంటల తరబడి చిత్రించి, చిత్రాలన్నీ కలిపి, ఆకాశపు మెరుపును తీసివేసి చూశారు. 2015లో కోమా అనే పెద్ద గుంపులో ఇలాంటివి 47 బయటపడ్డాయి.

2018లో మరో వింత. ఎన్‌జీసీ 1052 అనే చిన్న గుంపులోని డీఎఫ్2 అనే గెలాక్సీ మన పాలపుంతంత విశాలం. నక్షత్రాలు మాత్రం అందులో సుమారు 200వ వంతు. దాని గుండా వెనుక ఉన్న గెలాక్సీలు కనిపిస్తాయి! గెలాక్సీలను పట్టి ఉంచుతుందనుకునే కృష్ణ పదార్థం ఇందులో దాదాపు లేదన్నారు. దూరం తప్పు లెక్కించారని మరికొందరు వాదించారు. 2021లో హబుల్ దూరదర్శినితో కొలిస్తే సుమారు 7.2 కోట్ల కాంతి సంవత్సరాలని తేలి, మొదటి మాటకే బలం చేకూరింది. అయితే అది ఎలా పుట్టిందన్న చర్చ మిగిలే ఉంది.

ఇదంతా మనకు దూరపు సంగతి కాదు. 1956 దాకా రాయచూరు హైదరాబాదు రాష్ట్రంలోదే. ఆ హైదరాబాదులో 1901లో వెలసిన నిజామియా వేధశాల లక్షల కొద్దీ నక్షత్రాల స్థానాలు కొలిచింది. అక్కడ పనిచేసిన ఉద్యోగి కుమారుడే వైను బప్పు. కావలూరు వేధశాలకు ఆయన పేరే పెట్టారు.

చుట్టాలకు నేను చెప్పిన జవాబు ఒకటే. మా నాన్నగారు ఈ నేలకు వచ్చినప్పుడు ఇక్కడ వరి పండుతుందని చాలామంది నమ్మలేదు. కనిపించనిది లేనట్టు కాదు. అమ్మాయి ఎమ్మెస్సీకి దరఖాస్తు పెట్టింది. ఫీజుకు ఈ కారు పంట డబ్బు తీసిపెట్టాం.

మీ పిల్లలు ఇలాంటి చదువు అడిగితే వెంటనే కాదనకండి. ముందు అదేమిటో వాళ్ళ చేతనే చెప్పించుకోండి.