కృష్ణమ్మ మేడెక్కింది

కుళాయి నీళ్ళకి వాసనుందేమో చూస్తాం గానీ, పొగ ఉందేమో ఎవరం చూస్తాం చెప్పండి?

మా హైదరాబాదు సంగతే తీసుకోండి. మా అత్తగారికి గండిపేట నీళ్ళంటే ప్రాణం. "పప్పు ఇట్టే ఉడికేదమ్మాయ్!" అంటారు. పప్పు మాటెలా ఉన్నా, 1908 మూసీ వరద తర్వాత తలపెట్టి 1920లో పూర్తిచేసిన ఆ చెరువు ఊరికి ఎగువన ఉంది. నీళ్ళు వాటి దారిన అవే పల్లానికి నడిచొచ్చేవి.

ఊరు ఇంత పెరిగాక అవి ఏ మూలకి? కృష్ణా, గోదావరీ రావలసిందే. నాగార్జునసాగరేమో నూరు కిలోమీటర్ల పైచిలుకు దూరం, పైగా మనకంటే 300 మీటర్లు దిగువన ఉందాయె! వెయ్యి లీటర్లు అంత ఎత్తు ఎక్కించాలంటే ఇంచుమించు ఒక యూనిట్ కరెంటు కావాలి. మన దేశంలో కరెంటంటే ఎక్కువ భాగం బొగ్గు కాల్చి తీసిందేగా. అన్ని తిప్పలుపడి వచ్చిన కృష్ణమ్మని మళ్ళీ మోటారేసి మేడమీది టాంకులోకి ఎక్కిస్తాం. అది నిండి గంటసేపు పొర్లినా మా అపార్ట్‌మెంట్లో ఎవరికీ పట్టదు. పొర్లింది మురుగులో కలిస్తే, దాన్ని శుభ్రం చెయ్యడానికి ఇంకో చోట ఇంకో మోటారు!

టాంకు నిండగానే మోటారు దానంతటదే ఆగే స్విచ్ పెట్టిద్దామని మొన్న మీటింగులో అన్నాను. "వాచ్‌మన్ ఉన్నాడు కదమ్మా, దండగ ఖర్చెందుకు?" అన్నారు ప్రెసిడెంటుగారు. లిఫ్టులో నిలువుటద్దం మాత్రం ఏకగ్రీవంగా పాసయింది.

వచ్చే ఆదివారం మళ్ళీ మీటింగుంది. ఈసారి ఆడవాళ్ళం పదకొండు మందిమి వెళ్తున్నాం. అత్తగారు కూడా వస్తారట.