ఒకే ఇంట్లో రెండు పాజిటివ్‌లు

ఉక్కునగరంలోని ఆ క్వార్టర్‌లో ఆ రాత్రి ఎవరూ సరిగ్గా అన్నం తినలేదు. టీవీ పక్కన రెండు కవర్లు. ఒకటి కూతురిది, రెండోది తల్లిది. రెండింటిలోనూ ఒకే మాట... 'ఏఎన్‌ఏ పాజిటివ్‌'.

ఇంటాయన స్టీల్‌ప్లాంట్‌లో ఉక్కు కరిగించే విభాగంలో పనిచేస్తాడు. బి షిఫ్టు దిగి వచ్చేసరికి రాత్రి పది దాటింది. కాళ్లు కడుక్కోకుండానే కవర్లు విప్పాడు. చదివాడు. మళ్లీ చదివాడు. ''ఇద్దరికీనా?'' అన్నాడు. ఆ తర్వాత మాట రాలేదు.

కథ కార్తీకమాసంలో మొదలైంది. అప్పికొండ తీరాన వనభోజనాలు. సోమేశ్వరుడి దర్శనం అయ్యాక పిల్లలంతా మధ్యాహ్నం దాకా ఇసుకలోనే ఉన్నారు. మూడో రోజుకి 23 ఏళ్ల కూతురి రెండు బుగ్గల మీదా, ముక్కుదూలం మీదా ఎర్రటి దద్దు. ఎండకు కమిలిందనుకున్నారు. తర్వాత సన్నజ్వరం. వేళ్ల కీళ్లు పట్టేసి పొద్దున్నే దువ్వెన పట్టుకోవడమే కష్టమైంది. దువ్వితే జుట్టు కుచ్చులుగా ఊడొచ్చేది. ఒకరు ఎలర్జీ అన్నారు, ఒకరు రక్తం తక్కువన్నారు. నాలుగు నెలలు అలాగే గడిచాయి. చివరికి ఒక డాక్టరు ఆ దద్దును పరీక్షగా చూసి ఏఎన్‌ఏ చేయించమని చీటీ రాశారు.

ల్యాబ్‌లో కూతురి పక్కన కూర్చున్న తల్లికి అనుమానం మొదలైంది. ఆమెకు ఎప్పట్నుంచో థైరాయిడ్‌. ఈమధ్య మోకాళ్ల నొప్పులు. 'నా నుంచే వచ్చిందేమో' అనుకుంది. ఏ డాక్టరూ రాయకపోయినా తనూ చెయ్యి చాపి రక్తం ఇచ్చేసింది.

ఫలితం సంగతి తెలిసి శ్రీకాకుళం నుంచి నాయనమ్మ ఫోన్‌ చేసింది. ''ఎవలికీ చెప్పకండర్రా. పిల్లకి పెళ్లి కావాల'' అంది.

మర్నాడే ముగ్గురూ నగరంలోని రుమటాలజిస్టు దగ్గరికి వెళ్లారు. ఆవిడ ముందు కాగితాలు చూడలేదు. కూతురి చేతులు నొక్కి చూశారు, నోట్లో పుండ్లున్నాయేమో చూశారు, పాదాల వాపు చూశారు. ఆ తర్వాతే కవర్లు తీశారు.

''మీ ప్లాంటు గేటు దగ్గర సెక్యూరిటీ ఉంటారు కదా! దొంగను పట్టాల్సినవాడు, మెడలో ఐడీకార్డు ఉన్న మీ మనిషినే పట్టుకు కొడితే? లూపస్‌ అంటే అదే. క్రిముల మీదకి వెళ్లాల్సిన యాంటీబాడీలు సొంత శరీరం మీదకే తిరగబడతాయి. మన కణాల కేంద్రకం మీద గురిపెట్టిన యాంటీబాడీలే ఏఎన్‌ఏ'' అని చెప్పారు.

వాటిని పట్టుకోవడం 20వ శతాబ్దం మధ్యలోగానీ సాధ్యం కాలేదు. 1948లో అమెరికాలోని మేయో క్లినిక్‌లో హార్‌గ్రేవ్స్‌ బృందం లూపస్‌ రోగుల్లో 'ఎల్‌ఈ కణం' అనే వింత కణాన్ని గుర్తించింది. 1957 నాటికి, వెలుగునిచ్చే రంగుతో ఏఎన్‌ఏను నేరుగా చూసే పద్ధతి వచ్చింది. ఇప్పటికీ మేలైన పద్ధతి అదే. ల్యాబ్‌లో పెంచిన మనిషి కణాల మీద రక్తరసాన్ని వేసి, రంగు చేర్చి మైక్రోస్కోపులో చూస్తారు. యాంటీబాడీలుంటే కేంద్రకాలు ఆకుపచ్చగా మెరుస్తాయి. రక్తరసాన్ని పలుచన చేస్తూ, ఎంతవరకూ మెరుపు కనిపిస్తుందో లెక్కగడతారు. ఇంగువ నీళ్లలో మరిన్ని నీళ్లు పోస్తూ ఎక్కడిదాకా వాసన వస్తుందో చూసినట్టన్నమాట. తల్లి కాగితంలో 1:80 ఉంది. అంటే 80 వంతులకు పలుచన చేసేసరికే ఆఖరి మెరుపు. కూతురిది 1:640.

''అయితే ఇద్దరికీ ఉన్నట్టేగా?'' అన్నాడాయన.

డాక్టరు తల అడ్డంగా ఊపారు. 15 ప్రయోగశాలలు కలిసి 1997లో ప్రచురించిన అధ్యయనంలో, ఏ జబ్బూ లేని ఆరోగ్యవంతుల్లోనే సుమారు 13 శాతం మందికి 1:80 దగ్గర ఏఎన్‌ఏ పాజిటివ్‌ వచ్చింది. 1:160 దగ్గర కూడా 5 శాతం మందికి వచ్చింది. థైరాయిడ్‌ ఉన్నవాళ్లలోనూ ఇది తరచూ కనిపిస్తుంది. నెగెటివ్‌ వస్తే మాత్రం లూపస్‌ దాదాపు లేనట్టే. 2019లో యూరప్‌, అమెరికా రుమటాలజీ సంఘాలు కలిసి రూపొందించిన ప్రమాణాల్లోనూ, 1:80 ఏఎన్‌ఏ లోపలికి రానిచ్చే గుమ్మం మాత్రమే. గుమ్మం దాటాక దద్దు, కీళ్లు, కిడ్నీ, మిగతా పరీక్షలు... ఒక్కోదానికీ మార్కులు.

ఆయనకి అప్పుడు అర్థమైంది. ''మా దగ్గరా అంతేనమ్మా. ఒక్క కార్బన్‌ చూసి హీట్‌ను పాస్‌ చెయ్యరు. సల్ఫర్‌, ఫాస్ఫరస్‌, మాంగనీసు అన్నీ చూడాలి'' అన్నాడు.

''సరిగ్గా చెప్పారు'' అన్నారు డాక్టరు. కూతురికి మరో చీటీ రాశారు. యాంటీ డీఎస్‌డీఎన్‌ఏ, యాంటీ ఎస్‌ఎం... ఈ రెండూ లూపస్‌ను చాలా కచ్చితంగా పట్టిస్తాయి. ఎస్‌ఎం అంటే రసాయనం పేరు కాదు. స్మిత్‌ అనే రోగి ఇంటిపేరులోని మొదటి రెండక్షరాలు. ఆమె రక్తంలో ఆ యాంటీబాడీ దొరికిన సంగతి 1966లో వెలువడింది. ఇంకా సీ3, సీ4 అనే ప్రొటీన్లు. లూపస్‌ చెలరేగినప్పుడు ఇవి ఖర్చయిపోయి తగ్గుతాయి. చివరగా, మూత్రపరీక్ష.

నాలుగు రోజులకు ఫలితాలొచ్చాయి. డీఎస్‌డీఎన్‌ఏ బాగా ఎక్కువ. సీ3, సీ4 తక్కువ. మూత్రంలో ప్రొటీన్‌ పోతోంది. వాటన్నిటిలోకీ చవకైన మూత్రపరీక్షే అసలు ప్రమాదం చెప్పింది... కిడ్నీలకు సెగ తగిలింది. తల్లికి మాత్రం ఒక్క లక్షణమూ లేదు. ''మీకు లూపస్‌ లేదమ్మా. మందు అక్కర్లేదు, మళ్లీ ఈ పరీక్షా అక్కర్లేదు. కొత్తగా ఏమైనా కనిపిస్తే రండి'' అన్నారు డాక్టరు.

ఆమె మొహంలో సంతోషం లేదు. ''దానిదీ నాదీ తారుమారు అయ్యాయేమో ఒకసారి చూడండి డాక్టరుగారూ'' అంది. గదిలో కాసేపు ఎవరూ మాట్లాడలేదు. కూతురే లేచి తల్లి భుజం మీద చెయ్యి వేసింది.

కిడ్నీ నుంచి చిన్న ముక్క తీసి పరీక్షించాక చికిత్స మొదలైంది. స్టెరాయిడ్లు, రోగనిరోధక శక్తి దూకుడును తగ్గించే మాత్రలు, ఇంచుమించు లూపస్‌ రోగులందరికీ ఇచ్చే హైడ్రాక్సీక్లోరోక్విన్‌. దానికోసం క్రమం తప్పకుండా కంటి పరీక్ష. ఎండలోకి వెళ్తే గొడుగు, నిండుచేతుల జాకెట్టు. బాగుందనిపించినా సొంతంగా మందు మానకూడదు. పెళ్లి, పిల్లల మాటకొస్తే అడ్డేమీ లేదన్నారు డాక్టరు. జబ్బు కనీసం ఆర్నెల్లు సద్దుమణిగి ఉండాలి. గర్భానికి ముందు యాంటీ రో, యాంటీఫాస్ఫోలిపిడ్‌ పరీక్షలు చేయించుకోవాలి. మొదటిది బిడ్డ గుండెకు, రెండోది గర్భం నిలవడానికి సంబంధించినవి.

ఏడాది గడిచింది. మూత్రంలో ప్రొటీన్‌ బాగా తగ్గింది. డీఎస్‌డీఎన్‌ఏ దిగింది, సీ3, సీ4 మామూలుకొచ్చాయి. ''మరి ఆ ఏఎన్‌ఏ కూడా నెగెటివ్‌ అయిందేమో చూపిస్తే?'' అంది తల్లి ఆశగా. ''అది అలాగే ఉంటుందమ్మా. దాని పని ఒక్కసారి తలుపు తట్టడమే. జబ్బు తగ్గిందో లేదో చెప్పేది అది కాదు'' అంది కూతురు. ఇప్పుడు ఆ ఇంట్లో అందరికన్నా బాగా రిపోర్టులు చదివేది ఆమే.

మొన్న అనకాపల్లి నుంచి సంబంధం వాళ్లొచ్చారు. నాయనమ్మ కళ్లతోనే సైగ చేసింది, చెప్పొద్దని. కాఫీలయ్యాక ఆ అమ్మాయే లోపలికెళ్లి ఫైలు తెచ్చి టీపాయ్‌ మీద పెట్టింది. ''నాకు లూపస్‌ ఉందండీ. మందులతో అదుపులో ఉంది. మీకు తెలిసిన డాక్టరుకు చూపించి, ఆ తర్వాతే మీ మాట చెప్పండి'' అంది.

వాళ్ల నుంచి ఇంకా ఫోన్‌ రాలేదు. వస్తుందో రాదో తెలీదు. తండ్రి మాత్రం ఆ రాత్రి సి షిఫ్టుకు వెళ్తూ గుమ్మంలో ఆగాడు. ''ఫైలు జిరాక్స్‌ తీయించి ఉంచు తల్లీ. మనమేం దాచుకోవాల్సిన కాగితాలు కావవి'' అన్నాడు.