గాయం కదిలితేనే నవ్వు

ప్రోస్థెటిక్ మేకప్‌లో నా పని వెంట్రుకలు నాటడం. సూది కన్నును సగానికి కోస్తే చిన్న పంగ మిగులుతుంది. దాంతో ఒక్కో వెంట్రుకనూ సిలికాన్ చర్మంలోకి గుచ్చుతాం. నుదుటి దగ్గర పల్చగా, ఒక్కొక్కటే. వెనక్కి వెళ్లేకొద్దీ రెండు మూడు కలిపి గుచ్చినా ఫర్వాలేదు. వాలు మాత్రం తప్పకూడదు. తప్పిందంటే మిగతా పనంతా వృథా.

ఈ పనిలోకి వచ్చే పిల్లలకు నేను ముందు చూపించేది 1981లో జాన్ ల్యాండిస్ తీసిన 'ఏన్ అమెరికన్ వేర్‌వుల్ఫ్ ఇన్ లండన్'. మేకప్ రిక్ బేకర్‌ది. పోటీ విభాగంగా మొదలుపెట్టిన ఏడాదే మేకప్ ఆస్కార్ ఆయనకు దక్కింది. 1941 నాటి 'ద వుల్ఫ్ మ్యాన్'లో మనిషి తోడేలుగా మారే దశలను విడివిడిగా తీసి, డిజాల్వ్‌లతో కలిపారు. బేకర్ మాత్రం నిండు వెలుతురులో, కెమెరా ముందే అరచెయ్యి సాగేలా చేశారు. లోపల యంత్రం పెట్టిన కృత్రిమ చెయ్యి అది. ఇక వెంట్రుకలు మొలిచే షాట్ చూడాలి! నాటిన వెంట్రుకలను చర్మం వెనక నుంచి లోపలికి లాగుతూ తీసి, ఫిల్మును తిరగేశారు. ఎన్నిసార్లు చూసినా నాకు ఒళ్లు పులకరిస్తుంది.

ఎముకలు విరుగుతుంటే వెనక సామ్ కుక్ గొంతులో 'బ్లూ మూన్' హాయిగా వినిపిస్తుంటుంది. అదే సినిమాలో చచ్చిపోయిన జాక్ అనే పాత్ర ఆసుపత్రిలో ఉన్న స్నేహితుడి దగ్గరికి వచ్చి, టోస్ట్ ముక్క అడుగుతాడు. మాట్లాడుతుంటే చీలిన మెడ దగ్గర చర్మం పీలిక ఊగుతుంటుంది. హాస్యం భయాన్ని తగ్గిస్తుందంటారు గానీ, నేను ఒప్పుకోను. ఆ పీలిక నకిలీగా కనిపిస్తే జనం మేకప్‌ను చూసి నవ్వేవారు. నిజంలా ఉంది కాబట్టే జాక్ మాటలకు నవ్వుతూనే జడుసుకుంటారు.

ల్యాండిస్, బేకర్ మళ్లీ కలిసి చేసిన 1983 నాటి 'థ్రిల్లర్' మ్యూజిక్ వీడియో ప్రభావం మన దాకా వచ్చింది. 'దొంగ' సినిమాలో చిరంజీవి 'గోలీమార్' పాట అందరికీ గుర్తే.

"కామెడీ సీనే కదా, అంత పనితనం ఎందుకు?" అని నన్ను అడిగే నిర్మాతలు ఇప్పటికీ ఉన్నారు. కామెడీకే ఎక్కువ టైమ్ కావాలని పట్టుబడతాను. గాయం అతికించాక నటుడి చేత అతని జోకులు పైకి చదివిస్తాను. దవడ ఎంత ఆడుతోందో, ఏ అంచు లేస్తోందో చూసుకుని, ఆ తర్వాతే రక్తం రంగు వేస్తాను.