పసుపు మరకా, సిల్తారా ఎండా

ఉద్యోగంలో చేరాక ఇది నా ఐదో ఊరు. ఊరు మారితే నీళ్లు మారతాయి, బియ్యం మారుతుంది. అది మీకూ తెలిసిందే. ఎండ కూడా మారుతుందని నాకు సిల్తారా వచ్చాకే తెలిసింది. రాయ్‌పూర్ నుంచి బిలాస్‌పూర్ వెళ్లే దారిలో, స్పాంజ్ ఐరన్ కర్మాగారాల మధ్య ఉంటుంది ఈ ఊరు. మే నెలాఖరులో ఇక్కడివాళ్లు ‘నౌతపా’ అని తొమ్మిది రోజులు లెక్కపెట్టుకుంటారు. సూర్యుడు రోహిణిలోకి వచ్చిన మొదటి తొమ్మిది రోజులవి. అంటే రోళ్లు పగులుతాయని మా అమ్మమ్మ చెప్పే రోహిణి కార్తే!

ఏప్రిల్‌లో ఏడో తరగతి అమ్మాయి ఒకతె ఆటల పీరియడ్‌లో క్లాసులోనే కూర్చుండిపోయింది. కొత్తగా బదిలీ మీద వచ్చిన కుటుంబం వాళ్లది.

“ఖోఖోకి వెళ్లవా అమ్మా?”

“నల్లబడతాను టీచర్. ఇప్పటికే అంటున్నారు.” కాసేపాగి, “పసుపూ కలబందా రాసుకుంటున్నాను. ఎండ తగలదు కదా?” అంది.

“నీ తెల్ల చొక్కా మీద పప్పు ఒలికితే మీ అమ్మ ఏం చేస్తుంది?”

“ఉతికి ఎండలో ఆరేస్తుంది. మరక పోతుంది.”

“మరి ఎండకే పోయే పసుపు నిన్నెంతసేపు కాపాడుతుంది?”

పసుపుకు రంగునిచ్చే కర్‌క్యుమిన్ వెలుతురుకు విరిగిపోతుంది. అలాగని మొక్కల రసాలు పనికిరావని కాదు. గ్రీన్ టీ, కలబంద వంటివి సన్‌స్క్రీన్‌లో తోడుగా ఉంటాయి. అసలు అడ్డుగోడ మాత్రం జింక్ ఆక్సైడో, టైటానియం డయాక్సైడో, అలాంటి వేరే పదార్థమో. పాత క్రికెట్ మ్యాచ్‌లలో ఆటగాళ్ల ముక్కు మీద తెల్లటి పూత చూశారా? అది జింక్ ఆక్సైడే. దాని రేణువులను 100 నానోమీటర్లలోపు చేస్తే (మన తల వెంట్రుక మందం సుమారు 80,000) ఆ తెలుపు దాదాపు కనిపించదు, అతినీలలోహిత కిరణాలను ఆపే గుణం మాత్రం ఉంటుంది. నాకు బాగా నచ్చిన సంగతి ఇంకొకటి ఉంది. జింక్ లవణం కరిగిన నీళ్లలో వేపాకులాంటి ఆకుల రసం కలిపి వేడిచేసి కూడా ఈ రేణువులను తయారుచేస్తున్నారు. అవి ముద్దకట్టకుండా చూసేది ఆకురసంలోని పదార్థాలే.

క్రీముగా రాసుకుంటే నానో రేణువులు చాలావరకు చర్మం పైపొరలోనే ఆగిపోతాయి. స్ప్రేలు, పొడులతోనే జాగ్రత్త, ఊపిరితిత్తుల్లోకి పోకూడదు. మనలాంటి ఛాయవాళ్లకు తెల్లపూత బూడిద పూసినట్టు ఉంటుందని కొన్ని క్రీముల్లో ఐరన్ ఆక్సైడ్ కలుపుతారు. సిల్తారాలో మా కిటికీ గట్టు మీద పేరుకునే ఎర్రదుమ్ములో ఉండేదీ అదే. తీసి రాసుకునేరు, శుద్ధి చేసినది వేరు!

“అయితే తెల్లబడనా?” అని అడిగింది ఆ అమ్మాయి.

సన్‌స్క్రీన్ పని చర్మం కమలకుండా చూడటం, రంగు మార్చడం కాదు. ఆమె చర్మంలోని మెలనిన్ పుట్టినప్పటి నుంచీ ఆ పనే చేస్తోంది. నలుపు అని వెక్కిరిస్తున్నది దాన్నే. ఈ మాట ఆమె ఒక్కదానికే చెప్పి ఊరుకోలేదు. మర్నాడు తెలుగు పీరియడ్‌లో క్లాసంతటికీ చెప్పాను. పాఠం ఒక రోజు వెనకబడింది.

ఇప్పుడు ఆమె తలకు గమ్ఛా చుట్టుకుని వస్తోంది. పరుగులో బాగా చురుకు. క్రీము రెండు గంటలకోసారి మళ్లీ రాయాలంటే మాత్రం బద్ధకం.