చారల్లేని ఉడత

ఆగస్టు నెల వచ్చిందంటే మా ఎడిసన్‌లో స్కూలుకెళ్ళే పిల్లలున్న ప్రతి ఇంట్లోనూ ఒకటే హడావుడి. స్కూలు వాళ్ళు పంపిన సామాన్ల జాబితా చేత్తో పట్టుకుని, పెళ్ళి బజారుకి బయల్దేరినట్టు అందరం దుకాణాల మీద పడతాం. పెన్సిళ్ళు రెండు డజన్లు, జిగురు ట్యూబులు ఆరు, మొద్దు మొనల కత్తెర ఒకటి... 2025లో మూడో తరగతికి వచ్చిన మా అమ్మాయి జాబితా చివర "జిప్పు ఉన్న మెత్తటి పెన్సిల్ సంచీ ఒకటి, గట్టి డబ్బా వద్దు" అని ఉంది. డబ్బాలు కిందపడితే చప్పుడవుతాయని కాబోలు.

"నాన్నా, నాకు స్క్విరల్ పౌచ్ కావాలి" అంది మా అమ్మాయి.

మా పెరట్లో ఓక్ చెట్టు మీద కాపురముండే ఉడతలతో దానికి మహా స్నేహం. సరే కదా అని మూడు దుకాణాలు తిరిగాం. పిల్లి ఉంది, పాండా ఉంది, ఒంటికొమ్ము గుర్రం ఉంది, నోరు తెరిచిన సొరచేప కూడా ఉంది. ఉడత మాత్రం లేదు. ఇంటికొచ్చి కూలబడితే మా ఆవిడ అంది కదా, "అత్తయ్యగారు ఊరందరికీ జాకెట్లు కుట్టిపెట్టారు. ఆవిడ కడుపున పుట్టి మీరు ఒక్క సంచీ కుట్టలేరా?"

మాట నిజమే. పాలకొల్లు దగ్గర మా పల్లెటూళ్ళో నాన్నగారు రైసు మిల్లులో గుమస్తా. ఆ జీతానికి అమ్మ ఉషా కుట్టుమిషను తోడయితేనే మా చదువులు సాగాయి. కాలితో తొక్కే ఆ మిషను చప్పుడు వింటూ నిద్రపోయి, ఆ చప్పుడుకే లేచేవాళ్ళం. అంత చేసీ నాకు సూదిలో దారం ఎక్కించడం కూడా సరిగ్గా రాదు. కంప్యూటర్లలో మాస్టర్సు చేసి, ఇరవై ఏళ్ళుగా ఊళ్ళు పట్టుకు తిరుగుతూ కంపెనీల కంప్యూటర్లకు వైద్యం చేస్తున్నాను గాని, చొక్కా బొత్తాం ఊడితే మా ఆవిడ వైపే చూస్తాను. అయినా పౌరుషానికి పోయి "ఒక్క వారం టైమివ్వు" అన్నాను.

మిషను ఉంది. చీరలకు ఫాల్ కుట్టుకోవచ్చని మా ఆవిడ ఎప్పుడో గరాజు సేల్‌లో ఇరవై డాలర్లకు కొన్న పాత సింగర్. మా ఇంటి నుంచి కారులో అరగంట దూరంలో ఉన్న ఎలిజబెత్ పట్టణంలో 1873 నుంచి 1982 వరకు సింగర్ వాళ్ళ పెద్ద ఫ్యాక్టరీ ఉండేది. అందుకేనేమో ఈ చుట్టుపక్కల పాతసామాన్ల అమ్మకాల్లో సింగర్లు తగులుతూనే ఉంటాయి. గుడ్డ కూడా ఉంది. 2025లో జోఆన్ దుకాణాలు దేశమంతా మూతబడ్డప్పుడు చవగ్గా వస్తున్నాయని మా ఆవిడ తెచ్చి దాచిన ముక్కల్లో బూడిదరంగు ఫెల్టు దొరికింది. ఇక లేనిదల్లా విద్య. దానికి అమ్మ ఉందిగా!

మాకు రాత్రి తొమ్మిదైతే వాళ్ళకు పొద్దున్న ఆరున్నర. అమ్మ కాఫీ గ్లాసుతో వీడియోలో ప్రత్యక్షమైంది.

"ముందు పెన్సిలు కొలువు. సంచీ కాదు" అంది.

కొత్త పెన్సిలు ఏడున్నర అంగుళాలుంది. దానికి తొమ్మిదంగుళాల జిప్పు, తొమ్మిదిన్నరకి అయిదు చొప్పున పైగుడ్డ రెండు ముక్కలు, లోపలి అస్తరుకి అదే కొలతలో మెత్తటి నూలుగుడ్డ రెండు ముక్కలు. చుట్టూ కుట్టుకి పావంగుళం వదలాలి. కళ్ళూ మీసాలూ లాంటి అలంకారాలన్నీ గుడ్డ విడిగా ఉన్నప్పుడే కుట్టేసుకోవాలి, సంచీ అయ్యాక చెయ్యి పట్టదు. చెవులూ తోకా మటుకు రెండు గుడ్డల మధ్యన లోపలి వైపుకి తిప్పి పెట్టాలి. తిరగేసినప్పుడు అవే బయటికొస్తాయి. వింటుంటే అంతా తేలిగ్గానే ఉంది.

మిషన్ దగ్గర కూర్చున్నాక మా అమ్మాయి మొదటి ప్రశ్న వేసింది. "నాన్నా, నీడిల్‌కి హోల్ ఈ చివర ఎందుకుంది?" నలభై ఏళ్ళుగా చూస్తున్నాను, ఒక్కసారీ ఆలోచించలేదు. చేతిసూదికి బెజ్జం వెనక ఉంటుంది, మిషను సూదికి మొన దగ్గర ఉంటుంది. చేతికుట్టులో సూది మొత్తం గుడ్డలోంచి దూరి అవతలికి పోతుంది. మిషను సూది దిగి, మళ్ళీ వెనక్కి వచ్చేస్తుంది. ఆ దిగిన క్షణంలో మొన దగ్గరున్న పైదారం చిన్న ఉచ్చులా విడుతుంది, కింద షటిల్ ఆ ఉచ్చుని పట్టుకుని బాబిన్ దారం చుట్టూ తిప్పేస్తుంది. పైదారం, కిందదారం ఒకదాన్నొకటి పట్టుకుంటేనే కుట్టు నిలుస్తుంది. ఇలాంటి మిషనుకి ఎలియాస్ హోవ్ అనే ఆయన అమెరికాలో 1846లో పేటెంటు తీసుకున్నాడు. మా అమ్మాయితో పాటు నేనూ ఆ రోజే నేర్చుకున్నాను.

మూడు రాత్రులు పట్టింది. మొదటి రాత్రి జిప్పు వంకరపోయింది. రెండో రాత్రి అన్ని వైపులా గట్టిగా కుట్టేసి, అస్తరులో వదిలిన సందులోంచి తిరగేద్దామని చూస్తే పైభాగం రాదే! ఎంత లాగినా రాదు.

"ఏరా, జిప్పు తెరిచి కుట్టావా?" అంది అమ్మ అటునుంచి.

లేదు. మూసి కుట్టాను. తాళంచెవి ఇంట్లో పెట్టి తలుపేసుకున్నట్టయింది. కుట్లన్నీ ఒక్కొక్కటే విప్పుతూ కూర్చుంటే అమ్మ ఒకటే నవ్వు. "ఊళ్ళో నా దగ్గర నేర్చుకున్న ప్రతి పిల్లా మొదటిసారి అదే తప్పు చేసిందిలే. నువ్వూ నా శిష్యుడివే" అంది.

మూడో రాత్రికి ఉడత తయారైంది. రెండు చెవులు, నల్లపూసల కళ్ళు, ఒక కొసన కుచ్చు తోక. గర్వంగా ఫోను ముందు పెట్టాను. అమ్మ కళ్ళజోడు సవరించుకుని చూసింది.

"చారలేవిరా? చారల్లేని ఉడతేవిటి, పందికొక్కులా ఉంది!"

మా అమ్మాయికి కోపమొచ్చింది. "మామ్మా, మా స్క్విరల్స్‌కి స్ట్రైప్స్ ఉండవు. ఉంటే అది చిప్‌మంక్!" అంది. నిజమే. మా పెరట్లోవి బూడిదరంగువి, నున్నటి వీపులవి. అమ్మ చూసిన ఉడతలన్నీ మన జామచెట్ల మీది మూడు చారలవి. ఒకే పేరు, రెండు జంతువులు.

అప్పుడు అమ్మ కథ చెప్పింది. వారధి కడుతుంటే ఉడత ఇసకలో పొర్లి, వారధి మీద దులిపి సాయం చెయ్యడం, రాముడు మురిసిపోయి వీపు నిమిరితే మూడు వేళ్ళ గుర్తులు పడ్డం. వాల్మీకంలో లేని ఈ కథ మన రంగనాథ రామాయణంలో ఉంది. ఉడతాభక్తి అన్న మాట మనకు ఇందులోంచే వచ్చింది. మా అమ్మాయి నోరు తెరుచుకుని విని, చివర్న అంది: "అయితే మా బ్యాక్‌యార్డ్ స్క్విరల్స్‌ని ఎవరూ నిమరలేదా?"

అమ్మ కాసేపు ఏమీ అనలేదు. తర్వాత "నువ్వు నిమురమ్మా. చారలు మీ నాన్న కుడతాడు" అంది.

చాలాసేపు ఆలోచించి పిల్ల తీర్పు చెప్పింది. ఒక వైపు చారలు, ఒక వైపు ఉత్తది. ఒకటి మామ్మ ఉడత, ఒకటి తన ఉడత. అలంకారాలు ముందే కుట్టుకోవాలన్న పాఠం అప్పుడు గుర్తొచ్చి ఏం లాభం? జిప్పులోంచి ఎడమచేతి రెండు వేళ్ళు దూర్చి, పసుప్పచ్చ దారంతో గొలుసుకుట్టు మూడు వరసలు వేశాను. గుడ్డలోకి ఎన్నిసార్లు దిగిందో, నా వేళ్ళలోకీ సూది అన్నిసార్లు దిగింది.

సెప్టెంబరులో స్కూలు తెరిచారు. రెండు రోజులు ఉడత బడికి వెళ్ళొచ్చింది. మూడో రోజు సాయంత్రం లంచ్ డబ్బా తీద్దామని బ్యాగు తెరిస్తే లేదు. నాలుగో రోజూ లేదు. అడుగుదామని నోటిదాకా వచ్చి ఆగిపోయింది. ఎందుకంటే సంచులు ఎలా మాయమవుతాయో నాకు బాగా తెలుసు.

నేను ఆరో తరగతిలో ఉండగా క్లాసులో నలుగురైదుగురికి క్యామ్లిన్ జామెట్రీ బాక్సులుండేవి. నాకూ కావాలని ఏడ్చాను. అమ్మ జాకెట్లు కుట్టగా మిగిలిన ఎరుపు, చిలకాకుపచ్చ ముక్కలతో చేప ఆకారంలో సంచీ కుట్టింది. కంటికి చొక్కా బొత్తాం. నాకు ప్రాణంలా అనిపించింది, బడికి తీసుకెళ్ళేదాకా. "ఆడపిల్లల సంచీరోయ్" అని వెనక బెంచీ వాళ్ళు నవ్వారు. ఆ సాయంత్రం వస్తూ వస్తూ వంతెన మీంచి చేపని పంటకాలవలో వదిలేశాను. ఎక్కడో పడిపోయిందని అమ్మతో చెప్పాను. అమ్మ ఏమీ అనలేదు.

ముప్ఫై ఏళ్ళు దాటాక, ఆ శనివారం పొద్దున్న, అమ్మకి ఫోన్‌లో చెప్పేశాను. అమ్మ నిదానంగా అంది: "తెలుసులేరా. వేసవిలో కాలవ కట్టేశాక మన రేవు దగ్గర బురదలో దొరికింది. కన్ను ఊడిపోయింది. ఉతికి, ఇంకో బొత్తాం కుట్టి పెట్టెలో దాచాను. నా బొత్తాలన్నీ ఇప్పటికీ అందులోనే."

"మరి నన్ను అడగలేదేం?"

"అడిగితే నువ్వు ఇంకో అబద్ధం ఆడాలి. చిన్నపిల్లాడికి ఒకటి చాల్లే అనుకున్నాను."

నేను కూడా మా అమ్మాయిని అడగలేదు. రెండు వారాలు పళ్ళ బిగువున ఊరుకున్నాను.

ఆ నెలాఖరున తల్లిదండ్రుల్ని రమ్మన్న సాయంత్రం స్కూలుకెళ్ళాం. పిల్లల బుల్లి కుర్చీల్లో మోకాళ్ళు గడ్డానికి తగిలేలా కూర్చున్నాం. పెన్సిల్ సంచులు రోజూ మోయకుండా బల్లలోనే ఉంచమన్నామని టీచరుగారు మాటల్లో చెప్పారు. మూడు వారాలుగా నేను పడ్డ మథనమంతా ఆ ఒక్క ముక్కతో తేలిపోయింది. చెయ్యి పెట్టి చూస్తే ఉడత అక్కడే ఉంది. ఒక చెవి వదులైంది, తోక కుచ్చుకి గ్లూ అంటుకుంది. లోపల పెన్సిళ్ళతో పాటు ఓక్ కాయలు రెండున్నాయి. బాగా వాడుకలో ఉన్న సంచీ.

కాకపోతే ఏ వైపు పైకి పెట్టిందా అని చూశాను. చారల్లేని వైపే.

తిప్పి పెడదామని ఒక్క క్షణం అనిపించింది. వీపు ఒకసారి నిమిరి, ఎలా ఉన్నదాన్ని అలాగే లోపల పెట్టేశాను.