పాటల మైదానంలో జెండా

పాట వినడానికి మైదానంలో నిలబడ్డ జనం చేతుల్లో జెండాలు ఉండనివ్వాలా, గేటు దగ్గరే ఆపేయాలా అన్నది చిన్న విషయంలా కనిపిస్తుంది. కానీ పెద్ద కచేరీలు జరిగిన చాలాచోట్ల అది తగాదాకు దారితీసింది. జెండా ఎత్తినవాళ్లకు అది తమ ఊరు, తమ అభిమానం, తమ పక్షం. వాళ్ల వెనక ఉన్నవాళ్లకు వేదిక కనిపించకుండా అడ్డం పడ్డ గుడ్డ. బందోబస్తులో ఉన్న పోలీసులకు ముందుగా కనిపించేది కర్ర. ఈ మూడింటిలో ఏ చూపూ తప్పు కాదు. రంగు, గుడ్డ, కర్ర అనే మూడు వేర్వేరు సంగతులను ఒకే ముద్ద చేసి, మొత్తానికి ఒకే నిషేధం పెట్టినప్పుడు అన్యాయం మొదలవుతుంది.

హైదరాబాద్‌లో పెద్ద కచేరీలు మెల్లగా ఊరి అంచులకు జరుగుతున్నాయి. 2024 నవంబరులో దిల్జీత్ దోసాంజ్ కచేరీ శంషాబాద్ వైపు జీఎంఆర్ ఎరీనాలోనూ, 2025 ఫిబ్రవరిలో ఎడ్ షీరన్ కచేరీ రామోజీ ఫిల్మ్ సిటీలోనూ జరిగాయి. ఉత్తరాన శామీర్‌పేట, మేడ్చల్ వైపు కూడా రిసార్టులు, కన్వెన్షన్ హాళ్లు, ఖాళీ జాగాలు ఉన్నాయి. సికింద్రాబాద్ నుంచి మేడ్చల్, కామారెడ్డి మీదుగా నిజామాబాద్ పోయే రైలు దారిలో మేడ్చల్‌కు ముందు వచ్చే స్టేషన్ గౌడవెల్లి. ఒక పక్క నాగపూర్ హైవే, దగ్గర్లోనే ఔటర్ రింగ్ రోడ్డు. 2023 ఏప్రిల్‌లో ఎంఎంటీఎస్ రైళ్లు మేడ్చల్ దాకా వచ్చాయి. నగరంలోని జనాన్ని ఇంత సులువుగా చేరదీయగల చోట పాటల సభలు పెరగడం సహజం. పాటకూ జెండాకూ ఉన్న పొత్తు విషయంలో ఈ దారికి పాత చరిత్రే ఉంది.

గద్దర్‌గా లోకానికి తెలిసిన గుమ్మడి విఠల్ రావు పుట్టింది తూప్రాన్‌లో, స్థిరపడింది అల్వాల్‌లో. మేడ్చల్, గౌడవెల్లి ఈ రెండింటి మధ్యలో ఉన్నాయి. చాలాకాలం అజ్ఞాతంలో ఉండి, 1990 ఫిబ్రవరిలో నిజాం కాలేజీ మైదానంలో ఆయన మళ్లీ వేదిక ఎక్కినప్పుడు వచ్చిన జనాన్ని లక్షల్లో చెప్పుకున్నారు. భుజాన గొంగడి, కాళ్లకు గజ్జెలు, చేతిలో కర్ర. ఆ కర్రకు కట్టిన ఎర్ర గుడ్డ పాటతోపాటే ఊగేది, అడుగుతోపాటే తిరిగేది. పల్లవి దగ్గర డప్పు అందుకోగానే కర్ర పైకి లేచేది, చరణం దుఃఖంలోకి దిగితే భుజం మీదికి వాలేది. పాటలో ఎవరి పక్షం వినిపిస్తోందో అదే పక్షం జెండాలో కనిపించేది. అలాంటి సభకు వచ్చినవాళ్లను జెండా బయట పెట్టి రమ్మంటే పాటను కూడా బయటే పెట్టమన్నట్టు అయ్యేది. 2023 ఆగస్టులో ఆయన చనిపోయినప్పుడు భౌతికకాయాన్ని ఎల్బీ స్టేడియంలో ఉంచి, అల్వాల్‌లో ఆయన స్థాపించిన మహాబోధి విద్యాలయం ఆవరణలో సమాధి చేశారు.

తెలంగాణ ఉద్యమంలో ఈ పొత్తు మరో మలుపు తిరిగింది. ఇదే రైలు దారిలోని కామారెడ్డిలో 2002లో మొదలైన ధూంధాం అనే ఆటపాటల సభ ఊరూరా పాకింది. ఒకే వేదిక ముందు గులాబీ, ఎరుపు, నీలం, ఆకుపచ్చ జెండాలు కలిశాయి. 2009 డిసెంబరులో రాజకీయ జేఏసీ ఏర్పడ్డాక ‘జెండాలు వేరైనా ఎజెండా ఒక్కటే’ అన్న మాట సభల్లో మారుమోగింది. ఒకరి జెండాను మరొకరు దించమన్న సందర్భాలూ లేకపోలేదు. అయినా పాట అందరిదీ అయినందువల్ల జెండాల మధ్య పోటీ ఎక్కువ సభల్లో హద్దు దాటలేదు. భిన్నమైన జెండాలు ఒకచోట చేరితే కొట్లాట తప్పదని వాదించేవాళ్లు ధూంధాం అనుభవాన్ని తప్పక లెక్కలోకి తీసుకోవాలి.

అంతకంటే పాత సంప్రదాయంలో జెండాకు ఒక స్థలం ఉంది. గుడి బ్రహ్మోత్సవాలు ధ్వజారోహణంతో మొదలై ధ్వజావరోహణంతో ముగుస్తాయి. దర్గా ఉర్సులో జెండా ఎక్కిస్తారు, గంధం ఊరేగిస్తారు, రాత్రి ఖవ్వాలీ సాగుతుంది. ఈ వేడుకల్లో జెండా ఒక స్తంభానికి ఉంటుంది, ఎత్తున ఉంటుంది, ఉత్సవం మొదలైందని ఊరికంతా చెబుతుంది, ఎవరి చూపుకూ అడ్డు రాదు. ఇక బుర్రకథ, ఒగ్గుకథ, చిందు యక్షగానం చూసే జనం నేల మీద కూర్చునేవాళ్లు. వేదిక ఎత్తులో, ప్రేక్షకుడు కింద. జెండా పట్టుకొచ్చినవాళ్లు అంచుల్లో నిలబడేవాళ్లు. గద్దర్ సభల్లోనూ ఎక్కువమంది కూర్చునే పాట విన్నారు. అందుకే పాత సభల్లో జెండా వల్ల వేదిక కనిపించలేదన్న ఫిర్యాదు అంతగా వినిపించదు.

ఇప్పటి కచేరీలో జనం నిలబడతారు. వేదిక ముందు బారికేడ్ల మధ్య ఎక్కువ ధర పెట్టిన టికెట్లవాళ్లు, వాళ్ల వెనక మిగతావాళ్లు. అక్కడ మూడడుగుల వెడల్పు జెండా ఎంత అడ్డమో లెక్క వేసి చూడవచ్చు. వేదికకు 200 అడుగుల దూరంలో ఉన్న మనిషికి 15 అడుగుల ముందు ఎవరో ఆ జెండాను విప్పి పట్టుకున్నారనుకుంటే, వేదిక దగ్గరకు వచ్చేసరికి దాని నీడ 40 అడుగుల వెడల్పు అవుతుంది. వేదిక వెడల్పే 60 అడుగులైతే మూడింట రెండు వంతులు పోయినట్టే. జెండా ఎత్తినవాడు ఒక్కడే, చూపు పోగొట్టుకున్నవాళ్లు అతని వెనక వరసల్లో పదుల మంది. పొట్టివాళ్లకు, పిల్లలను భుజాన ఎక్కించుకున్న తల్లిదండ్రులకు, చక్రాల కుర్చీలో వచ్చినవాళ్లకు ఈ నష్టం ఇంకా ఎక్కువ. అదే జెండా పాటల మధ్య అర నిమిషం ఎగిరితే ఎవరికీ నష్టం లేదు. కాబట్టి చూపుకు సంబంధించిన ఫిర్యాదు న్యాయమైనదే అయినా, దానికి మందు నిషేధం కాదు, వేళ.

కర్ర సంగతి వేరు. హైదరాబాద్‌లో అభిమానులు తెచ్చే జెండాలు ఎక్కువగా మెరిసే శాటిన్ గుడ్డవి. ఒక అంచును మడిచి గొట్టంలా కుట్టి, అందులోకి వెదురు కర్రో పీవీసీ పైపో దూర్చి, జారకుండా బైండింగ్ వైరు చుడతారు. తెగ్గోసిన ఆ వైరు కొసే ముందుగా పక్కవాడి మొహానికి గీసుకునేది. వెదురు విరిగితే కొస బల్లెమవుతుంది. ఇనప గొట్టమైతే దాని ప్రమాదం మైదానం బయటే మొదలవుతుంది. పంద్రాగస్టుకో, జనవరి 26కో జెండా గొట్టం కరెంటు తీగకు తగిలి మనుషులు చనిపోయిన వార్తలు తెలుగు పత్రికల పాఠకులకు తెలిసినవే. 2025 ఆగస్టులో రామంతాపూర్‌లో కృష్ణాష్టమి ఊరేగింపు రథానికి కరెంటు తగిలి ఐదుగురు ప్రాణాలు కోల్పోయారు. నగర అంచు ఊళ్లలో, స్టేషన్ నుంచి మైదానానికి నడిచే దారుల్లో తీగలు కిందికి వేలాడుతూనే ఉంటాయి. కర్రల మీద కఠినంగా ఉండటానికి ఇంతకంటే కారణం అక్కర్లేదు.

అలాగని జెండాలు ఆపేస్తే మైదానం భద్రమైపోదు. 2013 మార్చిలో ‘బాద్‌షా’ పాటల విడుదల వేడుకలో తొక్కిసలాట జరిగి ఒక అభిమాని చనిపోయాడు. 2024 డిసెంబరు 4 రాత్రి ‘పుష్ప 2’ ప్రీమియర్ సందర్భంగా సంధ్య థియేటర్ దగ్గర ఒక మహిళ ప్రాణాలు కోల్పోయింది. అదే ఏడాది సెప్టెంబరులో ‘దేవర’ వేడుకను హాలు పట్టనంత జనం రావడంతో రద్దు చేయాల్సి వచ్చింది. వీటిలో దేనికీ జెండా కారణం కాదు. చదరపు మీటరుకు ఐదుగురు దాటినచోట మనిషి తన కదలిక మీద పట్టు కోల్పోయే ప్రమాదం మొదలవుతుంది. దారులు ఇరుకైతే, గేట్లు ఆలస్యంగా తెరిస్తే, పాసులు సీట్లను మించితే ప్రమాదం వస్తుంది. నిషిద్ధ వస్తువుల పట్టికలో జెండా పేరు చేర్చి, పట్టనన్ని టికెట్లు అమ్మే నిర్వాహకుడు జనానికి భద్రత కల్పించినట్టు కాదు.

పైగా కిక్కిరిసిన చోట జెండాకు ఒక అచ్చమైన ఉపయోగం ఉంది. వేల ఫోన్లు ఒకేసారి పనిచేస్తే సిగ్నల్ అందదు. తప్పిపోయినవాళ్లు గుంపును వెతుక్కోవడానికి పైన ఎగిరే గుడ్డే గుర్తు. ఇంగ్లండులోని గ్లాస్టన్‌బరీ సంగీతోత్సవంలో జెండాలు అంతగా పెరగడానికి ఇదీ ఒక కారణం. టీవీలో చూసేవాళ్లు, వెనక నిలబడ్డవాళ్లు విసుక్కుంటున్నా అక్కడ ఆ సంప్రదాయం ఆగలేదు. గౌడవెల్లి లాంటి చోట, చీకటి పడ్డాక ఆఖరి రైలు అందుకోవాల్సిన కుటుంబాలు కలుసుకునే గుర్తుగా నిర్వాహకులే మైదానం అంచున రంగురంగుల జెండా స్తంభాలు పాతితే, జాతర సంప్రదాయమూ నిలుస్తుంది, చేతి జెండాల అవసరమూ తగ్గుతుంది.

అన్నిటికంటే కష్టమైనది రంగు. 2007 జనవరిలో సిడ్నీలో జరిగిన బిగ్ డే ఔట్ ఉత్సవానికి ఆస్ట్రేలియా జాతీయ జెండా తీసుకురావద్దని నిర్వాహకులు కోరారు. సిడ్నీ శివారు క్రోనుల్లాలో 2005 డిసెంబరులో జరిగిన జాతి అల్లర్ల తర్వాత కొన్ని ముఠాలు జెండాను ఇతరులను బెదిరించడానికి వాడుతున్నాయని వాళ్ల భయం. ప్రధాని జాన్ హోవార్డ్ సహా చాలామంది మండిపడ్డారు. అది నిషేధం కాదు, వద్దని చెప్పడమేనని నిర్వాహకులు సర్దుకున్నారు. యూరోవిజన్ పాటల పోటీకి 2016లో వద్దన్న జెండాల జాబితా బయటపడినప్పుడు ఐసిస్ జెండా ఉన్న పట్టికలోనే వేల్స్ జెండా కూడా కనిపించింది. క్షమాపణ చెప్పక తప్పలేదు. 2024లో మాల్మోలో పోటీ దేశాల జెండాలు, ఇంద్రధనుస్సు జెండా తప్ప మిగతావి వద్దన్నారు. యూరోపియన్ యూనియన్ జెండాకూ ప్రవేశం దొరకలేదు. మరుసటి ఏడాది బాసెల్‌లో ప్రేక్షకుల విషయంలో నిబంధన సడలించారు. 2017 సెప్టెంబరులో కైరోలో మష్రూ లైలా అనే సంగీత బృందం కచేరీలో ఇంద్రధనుస్సు జెండా ఎత్తినందుకు అరెస్టులు సాగాయి. వాళ్లలో ఒకరైన సారా హెగాజీ జైలు నుంచి విడుదలై కెనడా వెళ్లినా ఆ గాయం నుంచి కోలుకోలేక 2020లో ప్రాణం తీసుకుంది. రంగును చూసి ఎవరిని ఆపాలో తేల్చే అధికారం ఒకసారి ఇస్తే అది ఎంత దూరమైనా పోతుందనడానికి కైరో సాక్ష్యం.

తెలుగునాట ఈ చిక్కు సినిమా వేడుకల్లో కనిపిస్తుంది. పవన్ కల్యాణ్ సినిమా వేడుకలో జనసేన జెండాలు, బాలకృష్ణ సినిమా వేడుకలో పసుపు జెండాలు ఎగరడం కొత్త కాదు. పాట కోసమే వచ్చిన మరో పార్టీవాళ్లకు, ఏ పార్టీ కానివాళ్లకు అది ఇబ్బందే. అయినా ఒక పార్టీ జెండాను రానిచ్చి మరోదాన్ని ఆపడం కంటే అందరి జెండాలూ రానివ్వడమే మేలు. టికెట్ అమ్మిన కచేరీకి పార్టీ జెండాలు అసలే వద్దనుకుంటే అన్ని పార్టీలవీ వద్దనాలి, ఆ మాట టికెట్ కొనకముందే చెప్పాలి. గేటు దగ్గర నిలబడ్డ కుర్ర వాలంటీరు రంగు చూసి అప్పటికప్పుడు తేల్చే పద్ధతి మాత్రం ఎక్కడా ఉండకూడదు. కర్రను, కొలతను అతను టేపుతో తేల్చగలడు. అభిప్రాయాన్ని తేల్చడం అతని పని కాదు. చట్టం నిషేధించిన సంస్థల జెండాలు, ఒక కులాన్నో మతాన్నో తిట్టే రాతలు పోలీసుల పరిధిలోకి వస్తాయి.

జాతీయ జెండాకు విడిగా నియమాలున్నాయి. 1921లో బెజవాడ కాంగ్రెస్ సమావేశంలో పింగళి వెంకయ్య గాంధీజీకి జెండా నమూనా అందించిన నేల కాబట్టి తెలుగువాళ్లకు ఈ విషయంలో మమకారం ఎక్కువే. 2002 జనవరి 26న అమల్లోకి వచ్చిన ఫ్లాగ్ కోడ్ పౌరులందరికీ జెండా ఎగరేసే వీలు కల్పించింది. 2004లో నవీన్ జిందాల్ కేసులో సుప్రీంకోర్టు దాన్ని హక్కుగా గుర్తించింది. 2021 డిసెంబరు సవరణతో పాలిస్టర్ జెండాలు, యంత్రం మీద నేసినవి చెల్లుబాటయ్యాయి. 2022 జులై సవరణతో ఆరుబయట రాత్రిపూట కూడా ఎగరేయవచ్చు. రాత్రి కచేరీలకు ఈ మార్పు ముఖ్యం. కానీ జెండా నేలను తాకకూడదు, కాషాయం కిందికి రాకూడదు, దాని మీద ఏ రాతా ఉండకూడదు. గాయకుడి పేరో హీరో పేరో రాసిన మువ్వన్నెల జెండా ఈ నియమానికి విరుద్ధం.

ఇవన్నీ కలిపి చూస్తే అనుమతి ఇవ్వడమే సరైనదని తేలుతుంది, కొన్ని కట్టుబాట్లతో. నిలబడే జనంలోకి వెదురు, ఇనుము, పైపు ఏదీ రాకూడదు. చేతులతో పట్టుకునే గుడ్డ రెండడుగులు దాటకూడదు. పాట సాగుతున్నంతసేపు జెండా భుజం కిందే ఉండాలి, పాటకూ పాటకూ మధ్య ఎగరొచ్చు. పెద్ద జెండాలకు మైదానం చివర, సౌండ్ టవర్ల వెనక ఒక వరస కేటాయించాలి. వదిలేయాల్సి వచ్చిన కర్రలకు గేటు దగ్గర టోకెన్ ఇచ్చి, తిరిగి వెళ్లేటప్పుడు అప్పగించాలి. ప్రదర్శన అయ్యాక కాగితపు జాతీయ జెండాలను నేల మీద పారేయకూడదనీ, గౌరవంగా, ఏకాంతంగా తొలగించాలనీ ఫ్లాగ్ కోడ్ చెబుతుంది. బయటికి పోయే ప్రతి గేటు దగ్గర వాటికోసం ఒక పెట్టె పెట్టడం నిర్వాహకుల బాధ్యత.