పరిగెత్తవే బుజ్జీ!

పిల్లలూ, మీ స్కూల్లో ఫీల్డ్ డే జరుగుతుంది కదా? కొన్ని దేశాల్లో దాన్నే స్పోర్ట్స్ డే అంటారు. పరుగు పందేలు, తాడు లాగడం, గోనెసంచిలో కాళ్లు పెట్టి గెంతడం... భలే సరదాగా ఉంటుంది. మరి ఆ రోజు మీ అమ్మ గ్రౌండ్ పక్కన నిలబడి గట్టిగా తెలుగులో అరిస్తే మీకెలా ఉంటుంది? నవ్వకండి, నిజంగానే అడుగుతున్నాను. ఎందుకంటే ఆ పని నేను చేశాను.

మేం డాలస్ దగ్గరికి వచ్చి ఏడాది దాటింది. అంతకుముందు కాకినాడ దగ్గర ఒక బడిలో సోషల్ టీచర్‌గా పనిచేశాను. ఇక్కడ ఇంట్లోనే ఉంటున్నాను. ఆదివారాలు మీలాంటి పిల్లలకు తెలుగు చెప్తాను. మా అమ్మాయి నాలుగో తరగతి. వచ్చిన కొత్తలో తను ఇంగ్లీషులో తడబడేది. ఇప్పుడు నేను కొట్టులో ఏదైనా అడగబోతే, "అమ్మా, నువ్వు ఉండు, నేను చెప్తాను" అంటుంది. మొదట్లో ముచ్చటేసేది. తర్వాత తర్వాత కొంచెం చిన్నతనంగా అనిపించడం మొదలైంది. ముప్పైమంది పిల్లల ముందు గంటసేపు పాఠం చెప్పిన నేను, కొట్టులో ఒక్క మాట అడగడానికి కూతురి వెనక నిలబడుతున్నానే అని.

ఇక ఫీల్డ్ డే సంగతి. మా అమ్మాయి గ్రౌండ్ చుట్టూ ఒక రౌండు పరుగులో ఉంది. మొదట బాగానే పరిగెత్తింది. చివరి మలుపు దగ్గర వెనకబడింది. నా ప్రాణం ఆగలేదు. "పరిగెత్తవే బుజ్జీ! చేతులు ఊపు! వెనక్కి చూడకు!" అని గొంతు చించుకుని అరిచాను. వెనక్కి చూడకు అన్నానా, సరిగ్గా అప్పుడే తను వెనక్కి తిరిగి నావైపు చూసింది. చుట్టూ ఉన్నవాళ్లూ చూశారు. తను ఆరో స్థానంలో వచ్చింది.

కారులో ఒక్క మాట లేదు. ఇల్లు దగ్గర పడుతుండగా అంది: "అమ్మా, నెక్స్ట్ టైమ్ నువ్వు రావద్దు. వచ్చినా ఇంగ్లీషులో అరువు."

నాకు కోపం రాలేదు. ఏమనాలో తెలియలేదు, అంతే. పాఠం చెప్పడం, బిల్లు కట్టడం, ఫారం నింపడం ఇంగ్లీషులో ఎలాగోలా చేస్తాను. కానీ అరవడం, ఏడవడం, ముద్దు చేయడం నాకు తెలుగులోనే వస్తాయి. వాటిని ఇంగ్లీషులోకి ఎలా మార్చాలి?

ఆ రాత్రి తనకు ఒక పరుగు పందెం వీడియో చూపించాను. మీకూ ఆ కథ చెప్తాను. మీరు కూడా ఇంట్లో పెద్దవాళ్లతో కలిసి వెతికి చూడండి.

అది 2018 జూలై 12. ఫిన్లాండ్ దేశంలో టాంపెరే అనే నగరం. అక్కడ ప్రపంచ అండర్-20 అథ్లెటిక్స్ పోటీలు జరుగుతున్నాయి. 20 ఏళ్లలోపు ఆటగాళ్ల కోసం రెండేళ్లకొకసారి పెట్టే పోటీలివి. 1986లో ఏథెన్స్‌లో మొదలయ్యాయి. 2014లో అమెరికాలోనే, ఒరెగాన్ రాష్ట్రంలోని యూజీన్‌లో జరిగాయి. ఆ రోజు టాంపెరేలో అమ్మాయిల 400 మీటర్ల ఫైనల్. నాలుగో లేన్‌లో మన దేశం అమ్మాయి హిమా దాస్ నిలబడింది. వయసు 18. ఊరు అస్సాం రాష్ట్రంలోని ధింగ్ దగ్గర. వాళ్ల నాన్న వరి పండించే రైతు. చిన్నప్పుడు హిమ పొలాల్లో అబ్బాయిలతో కలిసి ఫుట్‌బాల్ ఆడేది. తర్వాతే పరుగులోకి వచ్చింది.

వీడియో మొదలవగానే మా అమ్మాయి గట్టిగా అంది: "అమ్మా, ఇది చీటింగ్! వాళ్లు ఆమెకంటే ముందు నిలబడ్డారు!"

మీకూ అలా అనిపించిందా? అది చీటింగ్ కాదు, లెక్క. ట్రాక్ గుండ్రంగా తిరుగుతుంది కదా. లోపలి గీత పక్కన ఒక చుట్టు తిరిగితే 400 మీటర్లు. బయటి లేన్‌లో అదే చుట్టు ఇంకా పొడుగు. అందుకని బయటివాళ్లను ముందుకు జరిపి నిలబెడతారు. ఎనిమిదో లేన్‌లో ఉన్నవాళ్లు మొదటి లేన్‌కంటే సుమారు 53 మీటర్లు ముందు నుంచి మొదలుపెడతారు. చివరికి అందరూ పరిగెత్తేది 400 మీటర్లే. మొదట్లో ఎవరు ముందున్నారో కంటికి కనిపించేదాన్ని బట్టి చెప్పలేం.

తుపాకి పేలింది. పరుగు మొదలైంది. చివరి మలుపు తిరిగేసరికి హిమ ముందు లేదు. "ఓడిపోతుందా?" అంది మా అమ్మాయి. నేను మాట్లాడలేదు. తిన్నటి దారిలోకి వచ్చాక హిమ ఒక్కొక్కరినీ దాటడం మొదలుపెట్టింది. చివరి కొద్ది మీటర్లలో ఆమె ముందు ఎవరూ లేరు. 51.46 సెకన్లు. రెండో స్థానంలో రొమేనియా అమ్మాయి ఆండ్రియా మిక్లోస్, 52.07. మూడో స్థానంలో అమెరికా అమ్మాయి టేలర్ మాన్సన్, 52.28. ప్రపంచ స్థాయి అథ్లెటిక్స్ పోటీల్లో ట్రాక్ మీద పరుగులో బంగారు పతకం గెలిచిన మొదటి భారతీయురాలు హిమ. అమ్మాయిల్లోనే కాదు, అబ్బాయిల్లో కూడా అంతకుముందు ఎవరూ గెలవలేదు.

"చివర్లో అంత స్పీడ్ ఎలా పెంచింది?" అని అడిగింది మా అమ్మాయి.

ఇక్కడ ఒక తమాషా ఉంది. 400 మీటర్లూ ఒకే వేగంతో ఎవరూ పరిగెత్తలేరు. చివరి వంద మీటర్లలో కాళ్లు రాళ్లు కట్టినట్టు బరువెక్కుతాయి. అందరూ నెమ్మదిస్తారు. తక్కువ నెమ్మదించినవాళ్లు మనకు దూసుకొచ్చినట్టు కనిపిస్తారు. ఇది నాకు పుస్తకంలో చదివి తెలిసింది కాదు. తొమ్మిదో తరగతిలో మండల స్థాయి ఆటల్లో 400 మీటర్లు నేనూ పరిగెత్తాను. సున్నంతో గీసిన గీతల మధ్య, చెప్పుల్లేకుండా. రెండో స్థానం వచ్చింది. వెనక ఎవరొస్తున్నారో అని ఒక్కసారి తిరిగి చూశాను. అక్కడే పోయింది మొదటి స్థానం. మరుసటి ఏడాది మళ్లీ పరిగెడదామనుకుంటే ఇంట్లో, "పెద్దపిల్లవయ్యావు, ఇంక పరుగులేంటి" అన్నారు. నేనూ ఎదురు చెప్పలేదు.

మా అమ్మాయి నోరు తెరుచుకుని వింది. "నువ్వు రన్నర్‌వా? ఎప్పుడూ చెప్పలేదే!" ఎవరూ అడగలేదు మరి.

అసలు నేను చెప్పాలనుకున్నది ఇప్పుడు వస్తుంది. ఫైనల్‌కు ముందు హిమ సెమీఫైనల్ గెలిచింది కదా. అప్పుడు మైకు పట్టుకుని ఇంగ్లీషులో నాలుగు మాటలు మాట్లాడింది. ఆ వీడియో గురించి భారత అథ్లెటిక్స్ సమాఖ్య ట్విట్టర్‌లో ఒక మాట రాసింది. ఆమెకు ఇంగ్లీషు అంత బాగా రాదు, అయినా ప్రయత్నించింది అన్న అర్థంలో. చాలామందికి కోపం వచ్చింది. తర్వాత సమాఖ్య క్షమాపణ చెప్పింది.

మర్నాడు, అంటే ఫైనల్ అయిన మరుసటి రోజు, మా స్టాఫ్ రూమ్‌లో అందరం ఫోన్లో ఆ పరుగు చూశాం. పతకం ఇస్తుంటే, జాతీయ గీతం వినిపిస్తుంటే, హిమ కళ్లలో నీళ్లు కారుతున్నాయి. మా అందరి కళ్లలోనూ అంతే. ఇంగ్లీషు సంగతి మాత్రం అప్పుడు నాకు పెద్దగా పట్టలేదు. నా ఊళ్లో, నా భాషలో ఉన్నదాన్ని కదా! అది ఎక్కడ గుచ్చుకుంటుందో డాలస్ వచ్చాక తెలిసింది.

మా అమ్మాయి కాసేపు ఆలోచించి అంది: "అంత ఫాస్ట్‌గా పరిగెత్తింది కదా. వాళ్లు ఆమె రన్నింగ్ గురించి రాయొచ్చు కదా?"

"అదే నేనూ అంటున్నాను" అన్నాను. తను నావైపు చూసి, తల దించుకుంది. నేను ఇంకేం అనలేదు.

హిమ కథ అక్కడితో ఆగలేదు. ఆ ఏడాదే జకార్తా ఆసియా క్రీడల్లో 400 మీటర్లను 50.79 సెకన్లలో పరిగెత్తి జాతీయ రికార్డు పెట్టింది, వెండి పతకం తెచ్చింది. అమ్మాయిల 4×400 రిలేలో బంగారం గెలిచిన జట్టులో ఉంది. తర్వాత వెన్ను గాయం చాలా బాధపెట్టింది. అన్ని పందేలూ గెలుపుతోనే ముగియవు.

మన తెలుగు నేల మీదా ఇలాంటి అమ్మాయి ఉంది. జీవంజి దీప్తిది వరంగల్ జిల్లా కల్లెడ. వాళ్ల అమ్మానాన్నలు కూలి పని చేసేవారు. మిగతా పిల్లల్లా లేదని ఊళ్లో కొందరు ఆమెను వెక్కిరించేవారు. ఆ దీప్తే 2024లో జపాన్‌లోని కోబెలో, ప్రపంచ పారా అథ్లెటిక్స్ పోటీల్లో 400 మీటర్లను 55.07 సెకన్లలో పరిగెత్తి, తన విభాగంలో ప్రపంచ రికార్డుతో బంగారం గెలిచింది. అదే ఏడాది పారిస్ పారాలింపిక్స్‌లో కంచు పతకం తెచ్చింది.

ఇప్పుడు మీ సంగతి. మా ఆదివారం క్లాసులో ఒక బాబు ఉన్నాడు. నేను అడిగినవన్నీ వాడికి అర్థమవుతాయి, కానీ తెలుగులో జవాబు చెప్పడు. ఎందుకని అడిగితే, "ఇండియాలో మా కజిన్స్ నవ్వుతారు టీచర్" అన్నాడు. నాకు నవ్వు రాలేదు. నేను కొట్టులో కూతురి వెనక ఎందుకు నిలబడతానో, వాడు అమ్మమ్మ ఫోన్ రాగానే గదిలోకి ఎందుకు పారిపోతాడో, రెండూ ఒకటే. మన మాట విని ఎవరైనా నవ్వుతారని భయం.

అందుకని వాడూ నేనూ ఒక ఒప్పందం చేసుకున్నాం. వాడు వారానికి ఒకసారి అమ్మమ్మతో ఐదు నిమిషాలు తెలుగులో మాట్లాడాలి. నేను వారానికి ఒకసారి కొట్టులో నేనే అడగాలి. తప్పులు వచ్చినా సరే. మొన్న నేను ఒక మాట రెండుసార్లు చెప్పాల్సి వచ్చింది. చెప్పాను. కావలసింది దొరికింది. వాడు "అమ్మమ్మా, నువ్వు అన్నం తిన్నాను?" అని అడిగాడట. ఆవిడ "తిన్నాను నాయనా, నువ్వు తిన్నావా?" అందట. వాడు తన తప్పు తనే పట్టుకున్నాడు.

మా అమ్మాయి ఈమధ్య శనివారాలు పార్కులో పరిగెడుతోంది. నేను ఫోన్లో టైము చూస్తాను. మళ్లీ ఫీల్డ్ డే వస్తోంది కదా, నన్ను రమ్మంటావా అని అడిగాను. చాలాసేపు ఆలోచించింది.

"రా. తెలుగులోనే అరువు. కానీ అందరి ముందూ బుజ్జీ అనకు."

సరే అన్నాను. చివరి వంద మీటర్లలో ఆ మాట గుర్తుంటుందో లేదో మాత్రం నాకు నమ్మకం లేదు.

మీరు చెప్పండి:
బయటి లేన్‌లో వాళ్లు ముందు నుంచి ఎందుకు మొదలుపెడతారు? బొమ్మ గీసి చూపించండి.
మీ ఇంట్లో పెద్దవాళ్లు చిన్నప్పుడు ఏ ఆట ఆడేవారు? అడిగి, ఐదు వాక్యాలు రాయండి.
మీరు మాట్లాడుతుంటే ఎవరైనా నవ్వారా? అప్పుడు మీరేం చేశారు?